నైఫ్ ముందు కె ఎందుకు? పాత ఇంగ్లీషు ‘క్న’ మాటల కథ

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. నాలుగో తరగతి చదివే మీ అమ్మాయి ‘నైఫ్’ను ‘కనైఫ్’ అని చదివి, పలకని అక్షరాన్ని రాయడం ఎందుకని మిమ్మల్ని నిలదీసింది. ఇది మొదటి ముక్క. కె, ఎన్ అక్షరాలతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలన్నీ సంస్కృతంలోని ‘జ్ఞ’ నుంచి పుట్టాయని ఎవరో వీడియోలో చెప్పారు, నిజమేనా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు సులువు. రెండోదానిలో ఒక పాలు నిజం, మూడు పాళ్లు అత్యుత్సాహం. డిగ్రీ విద్యార్థులకు ముప్పై ఏళ్లు ఇంగ్లీషు భాషా చరిత్ర చెప్పినవాణ్ణి కాబట్టి కాస్త తీరిగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి.

ముందు మీ అమ్మాయి సంగతి. ఆమె తప్పు చదవలేదు. కాకపోతే వెయ్యేళ్లు ఆలస్యంగా చదివింది.

పాత ఇంగ్లీషు అనగానే చాలామంది షేక్‌స్పియర్ రాసినది అనుకుంటారు. అది కాదు. 5వ శతాబ్దంలో నేటి జర్మనీ, డెన్మార్క్ ప్రాంతాల తీరాల నుంచి ఆంగ్లులు, శాక్సన్లు, జూట్లు బ్రిటన్‌కు వెంట తెచ్చుకున్న భాష అది. సుమారు 1100 వరకు నడిచింది. ఇప్పటి ఇంగ్లీషువాడికి ఒక పేజీ ఇచ్చి చదవమంటే, మనకు నన్నయకు ముందరి శాసనం చేతికిచ్చినట్టే ఉంటుంది. ఆ భాషలో ‘కె’ అక్షరం వాడకం చాలా అరుదు. ‘క’ ధ్వనికి సి రాసేవారు. అంటే ఇవాళ మనం కె-ఎన్ అని రాసే మాటలను వాళ్లు సి-ఎన్ అని రాసి, రెండింటినీ నిండుగా పలికేవారు. మోకాలు ‘క్నేఓ’, ముడి ‘క్నొట్ట’, పిండి పిసకడం ‘క్నెడన్’, తలుపు తట్టడం ‘క్నొకియన్’, మోగే గంట ‘క్న్యుల్’, గుట్ట శిఖరం ‘క్నొల్’. ఈ చివరి రెండే ఇప్పటి ‘నెల్’, ‘నోల్’. మొదటిది చావుగంటకే మిగిలిపోయింది.

1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక రాతపని ఫ్రెంచి పద్ధతులు నేర్చిన లేఖకుల చేతికి వెళ్లింది. వాళ్ల అలవాటులో సి పక్కన ఇ, ఐ వస్తే ‘స’ అని చదవాలి. అందుకని అనుమానం వచ్చిన చోటల్లా సిని తీసి కె పెట్టారు. రాణి అనే మాట మొదట సి-డబ్ల్యూ ఉండేది, దాన్ని క్యూ-యు చేసిందీ వాళ్లే. రాత మారింది తప్ప పలుకు మారలేదు. ఆ తర్వాత కూడా అయిదారు వందల ఏళ్లు జనం కె పలుకుతూనే ఉన్నారు. అది రాలిపోయింది 17వ శతాబ్దంలో. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చేనాటికి ఎన్ ముందు కె నోట్లోంచి పూర్తిగా జారిపోయింది.

మరి రాతలోంచి ఎందుకు పోలేదు? ఆ లోపల అచ్చు వచ్చింది. విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో ముద్రణాలయం పెట్టింది 1476లో. పుస్తకాలు పెరిగేకొద్దీ అక్షరక్రమం గట్టిపడింది. గట్టిపడ్డాక పలుకు మారితే రాత దాని వెంట నడవలేదు. దీనికి నేను తరగతిలో ఇచ్చే రుజువు ఒకటుంది. పాత ఇంగ్లీషులో కె ఒక్కటే కాదు, ‘హ’ కూడా ఇలా ఇంకో హల్లు ముందు నిలబడేది. రొట్టె ‘హ్లాఫ్’, ఉంగరం ‘హ్రింగ్’, గింజ ‘హ్నుటు’. అవే ఇప్పటి లోఫ్, రింగ్, నట్. వీటిలో హెచ్ ఏ పుస్తకంలోనూ కనబడదు. ఎందుకంటే ఆ హకారం అచ్చుయంత్రం రాకముందే నాలుక మీద నుంచి పోయింది, పోతూ పోతూ రాతలోంచి కూడా పోయింది. కె పోయింది అచ్చు వచ్చాక. అందుకే శవం లేచిపోయినా పాడె మిగిలింది. ఇది నా పోలిక, పరీక్షలో రాయవద్దని పిల్లలకు చెప్పేవాణ్ణి, అయినా ప్రతి ఏడూ ఒకరిద్దరు రాసేవారు.

అసలు ఎందుకు రాలిపోయింది అన్నది నోటి సంగతి. మీరే ఒకసారి ‘క్నీ’ అని మెల్లగా పలికి చూడండి. ‘క’ కోసం నాలుక వెనకభాగం అంగుడికి ఆనుతుంది. అది విడవకముందే ‘న’ కోసం నాలుక కొన పళ్ల వెనకకు పరుగెత్తాలి, గాలి ముక్కులోకి మళ్లాలి. మాట మధ్యలో అయితే ఇబ్బంది లేదు, ‘టెక్నిక్’ అని హాయిగా అంటాం. మాట మొదట్లో ఆ ‘క’కు ఆసరా ఇచ్చే అచ్చు లేదు, తేలిగ్గా నీరసించిపోతుంది. జర్మన్లు మాత్రం వదలలేదు, ఇప్పటికీ మోకాలిని ‘క్నీ’ అనే అంటారు. ఇంగ్లీషువాళ్లకు ఈ జంట పూర్తిగా కొత్తయిపోయాక పాత పేర్లు పలకడానికి మధ్యలో అచ్చు దూర్చుకున్నారు. 1016 నుంచి 1035 వరకు ఇంగ్లండును ఏలిన డేనిష్ రాజు పేరు ‘క్నూట్’, ముడి అని అర్థం. ఆయన్ని వాళ్లు ‘కన్యూట్’ చేశారు. మీ అమ్మాయి ‘కనైఫ్’ అనడమూ, మన పెద్దలు ‘ఇస్కూలు’ అనడమూ ఇదే కోవ.

మన ‘జ్ఞ’నే చూడండి. రాతలో జకారం కింద ఞకారం. తెలుగువాళ్లం ‘గ్న’ అంటాం, హిందీవాళ్లు ‘గ్య’ అంటారు, మరాఠీవాళ్లు ‘ద్న్య’ అంటారు. రాసినది రాసినట్టు ఎవరం పలకం. ఇంగ్లీషు రాత అడ్డదిడ్డం అని నవ్వేముందు ఈ ఒక్క అక్షరం గుర్తు చేసుకుంటే చాలు.

ఇక మాటల అర్థాలు. అన్నిటిలోకి నాకు ఇష్టమైనది నైట్. రాత్రి కాదు, కవచం తొడుక్కుని గుర్రమెక్కే వీరుడు. పాత ఇంగ్లీషులో ఇది ‘క్నిహ్ట్’. అర్థం కుర్రాడు, అంతే. ‘క్నిహ్ట్‌హాడ్’ అనే మాట ఉండేది, ఇప్పటి నైట్‌హుడ్‌కు మూలం అదే. ఆనాడు దాని అర్థం బిరుదు కాదు, కుర్రతనం. కుర్రాడు కాస్తా ఇంట్లో పనికుర్రాడయ్యాడు, ఆపైన ప్రభువు వెంట తిరిగే మనిషి అయ్యాడు. 10వ శతాబ్దం చివర్లో సువార్తలను పాత ఇంగ్లీషులోకి తెచ్చినవారికి ఏసు శిష్యులను ఏమనాలో సమస్య వచ్చింది. వాళ్లు వాడిన మాట ‘లెఓర్నింగ్‌క్నిహ్ట్’, అంటే నేర్చుకునే కుర్రాడు. పేతురు, యోహాను అందరూ నైట్‌లే! నార్మన్లు వచ్చాక ప్రభువు వెంట ఉండే మనిషి అంటే గుర్రమెక్కిన యోధుడే, మాట యోధుడికి అతుక్కుంది. తర్వాత అది గౌరవం అయింది, బిరుదు అయింది. మన గోదావరి జిల్లాలవారు కాటన్ దొర అని పిలుచుకునే ఆర్థర్ కాటన్‌కు 1861లో ఆ బిరుదు ఇచ్చారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన పెద్దమనిషికి రాణీగారు ఇచ్చినది, మాట మూలానికి వెళితే, ‘కుర్రాడు’ అనే పిలుపు. జర్మన్‌లో ఇదే మాట ‘క్నెఖ్ట్’ ఎదగకుండా పాలేరు దగ్గరే ఆగిపోయింది.

దీనికి మన ‘బంటు’ మంచి జోడీ. సేవకుడూ బంటే, యోధుడూ బంటే. హనుమంతుణ్ణి రామబంటు అన్నప్పుడు రెండూ కలిసే ఉన్నాయి.

నైట్ పక్కింటివాడే ‘నేవ్’. పాత ఇంగ్లీషులో ‘క్నఫ’ అని రాసి ఎఫ్‌ను వకారంగా పలికేవారు. అర్థం ఇదీ కుర్రాడే. ఇతడూ పనికుర్రాడయ్యాడు. కానీ అక్కడి నుంచి దారి తప్పి మోసగాడయ్యాడు. పేకముక్కల్లో మనం జాకీ అనేదాన్ని పాతకాలపు ఇంగ్లీషు ఆటగాళ్లు నేవ్ అనేవారు, సేవకుడి అర్థంలో. ఉత్తరాదిన దాన్నే గులాం అంటారు, సరిగ్గా అదే భావం. ఒకే అర్థంతో బయలుదేరిన రెండు మాటల్లో ఒకటి సింహాసనం పక్కకు, ఒకటి సందులోకి. మన భాషాశాస్త్రం పుస్తకాల్లో అర్థోత్కర్ష (అర్థం పైకెక్కడం), అర్థాపకర్ష (అర్థం దిగజారడం) అని చదువుకున్నవే ఇవి. సభికుడు అంటే ఒకప్పుడు జూదశాల నడిపేవాడు, ఇప్పుడు సభలో కూర్చునే మర్యాదస్థుడు. ఛాందసుడు అంటే వేదం చదివినవాడు, ఇప్పుడు ఎవరినైనా అలా పిలిచి చూడండి.

తరగతిలో ఒకసారి జరిగినది చెప్పాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన కుర్రాడొకడు పాఠం చదువుతూ ఈ నైట్‌ను ‘క్నిఘ్ట్’ అని చదివాడు. మధ్యలో ఉన్న జి-హెచ్‌ను కూడా వదలకుండా. తరగతి అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, అప్పటికి కొత్త ఉద్యోగం. వాడు చెవులు ఎర్రబడి కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో పాత ఇంగ్లీషు వ్యాకరణం తిరగేస్తుంటే తట్టింది. ఆ గదిలో 9వ శతాబ్దపు ఇంగ్లండు రాజు ఆల్ఫ్రెడ్ కాలపు ఉచ్చారణకు దగ్గరగా వెళ్లినవాడు వాడొక్కడే. ఆ జి-హెచ్ కూడా ఒకప్పుడు గొంతులో నుంచి వచ్చే ‘హ్’ లాంటి ధ్వనికి గుర్తు. మర్నాడు ఆ మాటే తరగతిలో చెప్పాను. మిగతావాళ్లందరి చేత కూడా క్నిహ్ట్ అని పలికించాను, ఎవరికీ సరిగ్గా రాలేదు.

ఇక మీ వీడియో పెద్దమనిషి చెప్పినదానిలో నిజం ఉన్న చోటికి వద్దాం. తెలుసుకోవడం అనే ‘నో’ పాత ఇంగ్లీషులో ‘క్నావన్’. సంస్కృతంలో ‘జ్ఞా’ ధాతువు, గ్రీకు, లాటిన్ భాషల్లో ‘గ్నో’ అనే రూపం. ఇవన్నీ ఒక తల్లి పిల్లలు. మూలంలో గకారం లాంటిది ఉన్న చోట ఇంగ్లీషు, జర్మన్ లాంటి జర్మానిక్ భాషల్లో కకారం వస్తుందని 1822లో యాకబ్ గ్రిమ్ సూత్రం కట్టాడు, కథలు సేకరించిన ఇద్దరు సోదరుల్లో పెద్దవాడు. మోకాలు కూడా అంతే. సంస్కృతంలో ‘జాను’, లాటిన్‌లో ‘గెను’, ఇంగ్లీషులో ‘క్నేఓ’, ఇప్పటి ‘నీ’. మనం ఆజానుబాహుడు అన్నప్పుడల్లా ఇంగ్లీషు నీకి దూరపు చుట్టాన్ని పలకరిస్తున్నాం. అయితే సంస్కృతం నుంచి ఇంగ్లీషు పుట్టలేదు. రెండూ ఇంకా పాతదైన భాష నుంచి వేర్వేరుగా దిగినవి. అక్కచెల్లెళ్లను తల్లీకూతుళ్లు అనడమే ఆ వీడియోలో మొదటి పొరపాటు.

ఈ మోకాలి గురించి ఒక ముచ్చట. పాత ఇంగ్లీషులో క్నేఓ అంటే తరం అని కూడా అర్థం. చుట్టరికాన్ని మోకాళ్లతో లెక్కపెట్టేవారు. 11వ శతాబ్దం మొదట్లో వెలువడిన ఒక రాజశాసనం నాలుగో మోకాలి లోపు బంధువులను పెళ్లాడకూడదంటుంది. మన మేనరికాలు ఆ లెక్కలో ఒక్కటి కూడా నిలబడేవి కావు.

నో కుటుంబం పెద్దది, దానిలో కె-ఎన్ కలిసి లేనివి కూడా ఉన్నాయి. చేయగలను అనే ‘క్యాన్’ మొదట ‘తెలుసు’ అనే అర్థంలోనే ఉండేది. ఒక పని తెలియడం అంటే అది చేయగలగడం. మనం ‘నాకు ఈత వచ్చు’ అన్నప్పుడు కూడా తెలుసు, చేయగలను అనే రెండూ ఒక్క మాటలో లేవూ? జిత్తులమారి అనే అర్థంలోని ‘కన్నింగ్’ ఒకప్పుడు ‘తెలివైన’ అనే మంచి మాట. మోటు అని తిట్టే ‘అన్‌కూత్’ అప్పట్లో ‘తెలియని, పరాయి’ అని మాత్రమే. ఇంకొకటి, ‘అక్నాలెడ్జ్’ అని అందరం ‘క’ స్పష్టంగా పలుకుతాం కదా. ముందు అచ్చు ఉండటంతో ఆ ‘క’కు ఆసరా దొరికింది, బతికిపోయింది. పాతింట్లో అందరూ ఖాళీ చేసి వెళ్లాక ఒక గదిలో మిగిలిపోయిన ముసలాయనలా ఉంటుంది నాకు.

ఇక మిగతా మాటల్లో ‘జ్ఞ’ ఎంత వెతికినా దొరకదు. ముడి, పిసకడం, తట్టడం, గంట, గుట్ట, వీటిలో ఏ జ్ఞానం ఉంది? నైఫ్ అయితే ఇంగ్లండులో పుట్టిన మాట కూడా కాదు, స్కాండినేవియా నుంచి దండెత్తి వచ్చిన వైకింగుల నోర్స్ భాష నుంచి పాత ఇంగ్లీషు చివరి రోజుల్లో వచ్చి చేరింది. అప్పటిదాకా కత్తికి వాళ్ల మాట ‘సెఆక్స్’. శాక్సన్లకు ఆ పేరు వచ్చింది ఆ కత్తి వల్లనే అంటారు. జాతి పేరులోని కత్తి పోయి, శత్రువు కత్తి వంటింట్లో మిగిలింది.

అయితే మీరు జాగ్రత్తగా చూస్తే ఇంకో పోలిక కనిపిస్తుంది, అది వీడియోలో చెప్పినదానికన్నా రుచిగా ఉంటుంది. ముడి, మోకాలు, గుట్ట, వేలి కణుపు అనే ‘నకిల్’, తలుపు పిడి అనే ‘నాబ్’. అన్నీ ఉబ్బెత్తుగా, గుండ్రంగా, చేతికి తగిలేవే. జర్మన్‌లో గుండీ, మొగ్గ, ఎముక కూడా ‘క్న’తోనే మొదలవుతాయి. వీటన్నిటికీ ఒకే ధాతువు ఉందని తేల్చలేం. కానీ ఒక ధ్వనికీ ఒక ఆకారానికీ ఒక భాషలో స్నేహం కుదిరితే కొత్త మాటలు ఆ గుంపులోకే వచ్చి చేరుతుంటాయి. మన బొప్పి, బొడిపె, బొబ్బ, బొజ్జ, బుడగ, బుగ్గలను వరసగా పలికి చూడండి, నేను చెప్పేది నాలుక మీదే తెలుస్తుంది.

ముడి అనే ‘నాట్’ మాత్రం మన తీరం దాకా వచ్చింది. ఓడ వేగం కొలవడానికి ముడులు వేసిన తాడును నీళ్లలోకి వదిలి, ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు చేతిలోంచి జారాయో లెక్కపెట్టేవారు. బంగాళాఖాతంలో గాలి వేగం 34 నాట్లకు, అంటే గంటకు సుమారు 62 కిలోమీటర్లకు చేరితే వాతావరణ శాఖ దాన్ని తుపాను అంటుంది. విశాఖ బులెటిన్లలో వినిపించే ఆ నాట్, పాత ‘క్నొట్ట’.

చివరగా ఒక హెచ్చరిక, ఎందుకంటే తరువాతి వీడియో దీని మీదే రావచ్చు. ఇంగ్లీషులో రాయడం అనే మాట డబ్ల్యూ-ఆర్‌తో మొదలవుతుంది. పాత ఇంగ్లీషులో ‘వ్రీటన్’, గీకడం, చెక్కడం అని అర్థం. తర్వాత ‘వ’ రాలిపోయి ‘రైట్’ అయింది. మన ‘వ్రాయు’ కూడా వకారం రాలి ‘రాయు’ అయింది. అర్థం ఒకటే, ధ్వని ఒకటే, పోయిన అక్షరం కూడా ఒకటే! ఎంత ముచ్చటగా ఉన్నా ఇది వట్టి కాకతాళీయం. మన మాటకు చుట్టం తమిళంలోని ‘వరై’, గీయడం. తెలుగులో అచ్చు అటూ ఇటూ జరిగి ‘వ్రా’ అయింది. తమిళ ‘మరం’ మనకు ‘మ్రాను’ అయినట్టే. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వాటిది వేరే కుటుంబమని మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పరిచయంలో చూపించాడు. కాబట్టి జ్ఞానం, జాను మనకు సంస్కృతం నుంచి వచ్చిన అతిథులు. వాటి చుట్టరికం ఇంగ్లీషుతో ఉంటుంది, మనతో కాదు. రెండు మాటలు ఒకలా వినబడటం చుట్టరికానికి ఆధారం కాదు. ఒక భాషలో ఫలానా ధ్వని ఉన్న ప్రతిచోటా రెండో భాషలో ఫలానాది వస్తోందా అన్నదే చూడాలి. జాను-నీ ఆ పరీక్షలో నెగ్గుతాయి, వ్రాయు-రైట్ నెగ్గవు.

మీ అమ్మాయికి మరీ ఇంత చెప్పక్కరలేదు. ఆమెను అడగమని ఒక ప్రశ్న మాత్రం ఇస్తాను. మనం తెలుగులో హాయిగా ‘నిక్కరు’ అంటాం కదా, దాని ఇంగ్లీషు అక్షరక్రమం ఏమిటో నిఘంటువులో చూడమనండి. మొదటి అక్షరం కె. 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ న్యూయార్క్ చరిత్రను హాస్యంగా రాసి, రాసినవాడు ‘నికర్‌బాకర్’ అనే డచ్చి పెద్దాయన అని పెట్టాడు. డచ్చివాళ్లు తొడుక్కునే మోకాలి కిందికి దిగే వదులు లాగులకు ఆ పేరు అంటుకుని, తర్వాత సగానికి తెగి మన దర్జీల దాకా వచ్చింది. డచ్చివాడు దాన్ని ‘క్నిక్కర్’ అనే పలుకుతాడు. ఇంగ్లీషువాడి నోట అది పుట్టేనాటికే కె లేదు. మనం విన్నట్టే రాసుకున్నాం, అందుకే మనకు ఏ గొడవా లేదు.